ఏడుపు పాట క్యాసెట్

జమునకు ఒళ్లు మండిపోతోంది.

రేపే పెళ్లి. తండా ఆడపిల్ల అత్తారింటికి వెళ్లేటప్పుడు అయినవాళ్లను ఒక్కొక్కరినీ పట్టుకుని ఏడుస్తూ పాడే పాట ఉంటుంది. భూపాలపల్లిలో పెరిగిన జమునకు అందులో ఒక్క ముక్క రాదు. నేర్పాల్సిన తల్లి రామి పోయింది. మిగిలింది ఆ తల్లి పెళ్లినాటి క్యాసెట్.

అదీ నోట్లో గుడ్డ కుక్కినట్టు వినిపిస్తోంది.

ఎక్కడో వేరే మిషన్‌లో రికార్డు చేసిన క్యాసెట్ కాబట్టి, డెక్‌లో టేపును చదివే హెడ్‌ను దానికి తగ్గట్టు వంచాలట. ఫోన్‌లో వీడియో చూస్తూ హెడ్ పక్కనున్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పడం, చెవి ఆనించి వినడం. పొద్దుటి నుంచీ ఇదే గోల.

సరిగ్గా అప్పుడే ఓ ముసలామె వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"రామి బిడ్డవా?"

"ఆ. అందరు ఫంక్షన్ హాలు కాడికి పోయిండ్రు అవ్వా."

"ఆళ్లతోని పని లేదు. నీ కోసమే వచ్చిన."

పెళ్లి ఇల్లని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు చీర కోసం దిగబడతారు. జమున విసుక్కుంటూనే టీ ఇచ్చి, మళ్లీ స్క్రూ పట్టుకుంది.

"గా డబ్బాల ఏమున్నది బిడ్డా?"

"మా అమ్మ పాట. జర సప్పుడు చెయ్యకు."

"గది బంద్ చేసి నా మాట ఇను."

"పాట దొరికినంక ఇంట."

"ఏడుపు డబ్బాల నేర్చుకుంటరా?"

"నీకు దండం పెడత, జర ఊకో అవ్వా."

ముసలామె టీ తాగి గ్లాసు పక్కన పెట్టింది. డెక్ వంక, జమున వంక మార్చి మార్చి చూసి, చివరికి మోకాళ్లు పట్టుకుని లేచింది.

"కాటారం పోవాలె. గిదే ఆఖరి బస్సు."

"మంచిది."

జమున తలెత్తలేదు. పీడ వదిలిందనుకుంది. ఏ ఊరని కానీ, ఎవరని కానీ అడగలేదు.

వీధి చివర బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. ఇంకొక్క వెంట్రుకవాసి తిప్పింది.

మసక విడిపోయింది. గాజుల గలగల కూడా తేటగా వినపడింది. తల్లి గొంతు, అప్పటి కన్నెపిల్ల గొంతు, రెండు చరణాలు పాడి వెక్కిళ్ల మధ్య ఆగిపోయింది.

"యాదికొస్తలేదు నీలక్కా. నువ్వు అను, నీ ఎనక నేనంట."

జమున చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"భయపడకు రామీ, నేనున్న కదా" అంటూ పాట అందుకున్న ఆ గొంతు ఎంత పడుచుదైనా, ఇందాక గుమ్మంలోంచి లేచి వెళ్లిపోయిన అవ్వదే.