సున్నా మీద ముల్లు

“చెయ్యి తియ్యండి. ఇక్కడ తూచేది పసిపిల్లని, కూరగాయల్ని కాదు,” అంది సిస్టరు.

తూకాలాయన చెయ్యి తియ్యలేదు. కాటా పళ్ళాన్ని అలాగే పట్టుకుని, బిడ్డని ఒక్క క్షణం ఎత్తమన్నాడు.

సిస్టరుకి ఒళ్ళు మండింది. అవతల పెద్ద డాక్టరు వచ్చే వేళయింది. రెండు కిలోలు దాటిన బిడ్డని ఇంటికి పంపొచ్చు, దాటకపోతే ఉంచాలి. అది అక్కడి నియమం. ముల్లు రెండు కిలోల యాభై గ్రాములు చూపిస్తోంది. మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని బయట ఇద్దరు కాచుక్కూచున్నారు. ఈయనగారి చాదస్తానికి ఇదా సమయం?

ప్రతి నెలా మొదటి సోమవారం వచ్చేవాడాయన. సంచీలోంచి కిలో తూకపురాయి తీసి పళ్ళెంలో పెట్టేవాడు, ముల్లు జరిగి ఉంటే మర తిప్పి సరిచేసేవాడు, వెళ్ళిపోయేవాడు. తూనికల ఆఫీసు మనిషి కాబోలని అందరూ అనుకున్నారు. పేరైనా ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

సిస్టరుకి ఆయనంటే మొదట్నుంచీ చిరాకే. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని వాళ్ళవాళ్ళ చేతుల్లో పెట్టి, ఆసుపత్రి వెనక తన ఒంటిగదికి పోయి తాళం తీసుకునే మనిషి ఆమె. ఆలస్యమైందేమని అడిగే దిక్కులేదు. ఆయన వచ్చినప్పుడల్లా “భోంచేశారామ్మా?” అనేవాడు. ఆమె తొందరగా కానివ్వమనేది. లోకంలో ఆ మాట తనని అడిగేది ఈయనొక్కడేనని ఆమెకి తెలుసు. అందుకే మరీ చిరాకు.

పోనీ ఇంకేమైనా మాట్లాడతాడా అంటే, ఎప్పుడూ స్ప్రింగుల గొడవే. మంచంలో స్ప్రింగు నొక్కితే అణుగుతుంది, లేస్తే లేస్తుంది, దానికేం ఢోకా లేదట. బట్టల క్లిప్పులోది మెలిపడే రకం, మహా అయితే క్లిప్పు ఊడుతుందట. కాటాలోది మాత్రం బతుకంతా సాగదీయించుకునే జాతి. సాగి సాగి, ఒకనాడు ఉన్నచోటికి పూర్తిగా తిరిగి రాదు. అప్పుడిక లేని బరువు ఉన్నట్టు చెబుతుందట. సిస్టరు విన్నట్టే తలాడించి తన పని చూసుకునేది.

ఇప్పుడిక తప్పదని బిడ్డని ఎత్తింది.

“ముల్లు చూడండమ్మా.”

పళ్ళెం ఖాళీ. ముల్లు మాత్రం సున్నా దాటి వంద గ్రాముల దగ్గర నిలబడి ఉంది. ముందురోజు ఎవరో మూడేళ్ళ పిల్లాణ్ణి అందులో కూర్చోబెట్టారని ఆయా నసిగింది.

అంటే బిడ్డ రెండు కిలోలు లేదు. వార్డంతా చూస్తుండగా సిస్టరు ఇంటికి పంపే కాగితాన్ని రెండు ముక్కలు చేసింది. తల కొట్టేసినట్టయింది ఆమెకి.

మర్నాడు మధ్యాహ్నం ఆ బిడ్డ ఒళ్ళు చల్లబడి నీలం తిరిగింది. చేతికందే దూరంలో ఉంది కాబట్టి ఇంక్యుబేటర్లో పెట్టి బతికించారు. ఇంటికెళ్ళి ఉంటే దక్కేది కాదన్నాడు డాక్టరు.

పై నెల ఆయన వచ్చి, బిడ్డ ఎలా ఉందని అడిగాడు. బాగుందని చెప్పి ఊరుకుంటే పోయేది. నలుగురిలో పోయిన పరువు గుర్తొచ్చింది సిస్టరుకి. మీ ఆఫీసుకి వేరే పనేం లేదా, మా కాటా మేం చూసుకుంటాం, ఇకమీదట మీరు రానక్కర్లేదని కడిగేసింది.

ఆయన కోపం తెచ్చుకోలేదు. బిడ్డని పెట్టేముందు ఒక్కసారి ముల్లు వంక చూస్తే చాలని చెప్పి, సంచీ తీసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాతి నెల రాలేదు. ఆ పై నెలా రాలేదు. తనే వద్దంది, తనే గుమ్మం వంక చూడటం మొదలుపెట్టింది. మొదటి సోమవారాలు బోసిపోయాయి. ఆఖరికి మనసాగక తూనికల ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆసుపత్రి కాటాలు చూడ్డానికి తామెన్నడూ ఎవర్నీ పంపలేదన్నారు వాళ్ళు.

మరుసటి నెల ఒకావిడ వచ్చింది. కాటా చూసేది తన భర్తేననీ, ఇరవై రోజుల కిందట గుండెపోటుతో పోయాడనీ చెప్పింది. ఇకనుంచి ఎవరో ఒకరు ఆ పని చూసుకోవాలని, ఈ కబురు అందించమని ఆయనే చెప్పి పోయాడట.

సిస్టరు ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఏ ఆఫీసూ పంపకుండా ఇన్నేళ్ళూ ఎందుకొచ్చారని మెల్లిగా అడిగింది.

“స్ప్రింగుల కార్ఖానాలో చేసేవారమ్మా, సోమవారం సెలవు. పద్నాలుగేళ్ళ కిందట మాకిక్కడే పాప పుట్టింది. రెండు కిలోల పైనే ఉందని ఇంటికి పంపారు. మూడోనాడు చేతుల్లోనే పోయింది. తర్వాత ఆయనొచ్చి చూస్తే, తప్పంతా కాటాలో ఉంది.”

“మరి ఎవరికీ చెప్పలేదా?”

“అందరూ గొడవ చెయ్యమన్నారు. ఆయనే ఒప్పుకోలేదు. తూచింది కొత్తగా చేరిన పిల్ల, నా అన్నవాళ్ళు లేని పిల్ల, ఇది తెలిస్తే జన్మలో ఇంకో బిడ్డని చేతుల్లోకి తీసుకోలేదన్నారు. ఆ పిల్ల చేతుల మీదుగా మళ్ళీ అలాంటిది జరక్కూడదనే వచ్చేవారమ్మా. ఇప్పుడెక్కడుందో ఏమో, మీరేమైనా ఎరుగుదురా?”

ఆ ఏడు ఈ వార్డులో కొత్తగా చేరింది తనొక్కతే. సిస్టరు ఆమె చెయ్యి పట్టుకుని, “భోంచేశారామ్మా?” అని అడిగింది.