వెనక ఎవరూ లేరు

"డెబ్బై నాలుగట! మా నాన్న బండి డెబ్బై నాలుగులో వెళ్లిందట!"

సింధూరి ఫోను చూస్తూ పకపకా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది.

నవ్వక ఏం చేస్తుంది? వెంకటకృష్ణారావు బండిని సైకిళ్లు కూడా దాటిపోతాయని కంకిపాడులో అందరూ ఆటపట్టిస్తారు. నలభై దాటితే ఇంజను అరిగిపోతుందన్నట్టు నడుపుతాడాయన. అలాంటి మనిషికి అతివేగం చలానా వచ్చింది. బందరు రోడ్డు మీద, ఇంకాసేపట్లో ఇల్లు చేరతాడనగా, కెమెరాకి దొరికాడు.

"ఫోటో కూడా ఉంటుంది, తెరువు," అన్నాడు అల్లుడు గంగాధర్. గవర్నర్‌పేటలో ఓ వకీలు దగ్గర జూనియరు.

ఫోటో తెరుచుకుంది. సింధూరి నవ్వు ఆగిపోయింది.

మునిమాపు వెలుతురు. నలుపూ తెలుపూ బొమ్మ. హెల్మెట్ పెట్టుకుని కృష్ణారావు. ఆయన వెనక ఒక ఆడమనిషి. మొహం ఆయన తల చాటున పడిపోయింది. గాలికి ఎగిరిన చీర కొంగూ, ఆయన భుజం మీద వేసిన గాజుల చెయ్యీ మాత్రం తెలుస్తున్నాయి.

"ఎవరు నాన్నా ఈవిడ?"

కృష్ణారావు ఫోను అందుకున్నాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, స్క్రీను మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"తేదీ చూశావా? ఆ రోజే నాన్నా! రోజులే దొరకనట్టు ఆ రోజే! మేమంతా కార్లో బయల్దేరాం. నేను బండి మీదే వస్తాను, ఒక్కణ్ణే వస్తాను, నన్నొదిలెయ్యండి అన్నావు. సరేలే అనుకున్నాం." సింధూరి ఫోను వెనక్కి లాక్కుంది.

గంగాధర్ సర్దబోయాడు. "ఆగు సింధూ. ఇంకొకళ్ల నంబరు తగిలించుకుని తిరిగేవాళ్లు బోలెడుమంది. మావయ్యగారూ, ఈ చలానా నిలవదండీ. మీరు ఒంటరిగా బయల్దేరటం మేమంతా చూశాం. ఫోటోలో ఇద్దరున్నారు. అంటే ఈ బండి మీది కాదు. అర్జీ పెట్టేద్దాం. ఒక్క ముక్క రాసి సంతకం చెయ్యండి. ఆ సమయంలో నా బండి మీద నా వెనక ఎవరూ లేరు, అని. అంతే. కొట్టేస్తారు."

కాగితమూ పెన్నూ ఆయన ముందుకొచ్చాయి.

అది తన బండేనని కృష్ణారావుకి తెలుసు. ఫోటోలో అద్దాలు రెండూ లోపలికి తిప్పి ఉన్నాయి. ఆ సాయంత్రం బయల్దేరే ముందు తనే తిప్పాడు.

ఇంకా తెలుసు. పోరంకి దాటాక చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ మీద బిగుసుకుంది. కళ్లు మసకబారాయి. ఎదురు లైట్లు కూడా సరిగా ఆనలేదు. ఎంత వేగంగా పోతున్నాడో, ఎందుకు పోతున్నాడో ఆయనకే పట్టలేదు. అప్పుడు వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది. రెండుసార్లు తట్టింది, నెమ్మది అన్నట్టు. ఆయన వెనక్కి తిరగలేదు. వేగం మాత్రం తగ్గించాడు. కాస్త ముందుకెళ్లేసరికి గడ్డి ట్రాక్టరొకటి, లైట్లు లేకుండా, రోడ్డుకి అడ్డంగా ఆగి ఉంది.

ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్తాడు?

"రాయి నాన్నా," అంది సింధూరి. "నువ్వు రాస్తే నమ్ముతాను. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను. రాయలేదో, మళ్లీ నీ గడప తొక్కను."

ఒక్కగానొక్క కూతురు. అన్నంత పనీ చేసే మనిషి.

కృష్ణారావు పెన్ను పట్టుకున్నాడు. 'నా వెనక' దాకా రాశాడు. అక్కడ ఆగిపోయాడు.

"ఏం, చెయ్యి రావట్లేదా? అయితే రాయొద్దులే. అమ్మ మొహం చూసి చెప్పు. ఎవరూ లేరని అమ్మతో చెప్పు, చాలు."

కృష్ణారావు తలెత్తి, ఎదురుగా ఉన్న మాణిక్యం వైపు చూశాడు. ఆమె కూడా రెప్ప వాల్చకుండా ఆయన్నే చూస్తోంది. ఈమధ్య ఆమె ఆయనతో ఒక్క మాటా మాట్లాడటం లేదు. ఇప్పుడూ మాట్లాడలేదు.

ఆయన పెన్నుకి మూత పెట్టేశాడు.

"కట్టెయ్యి గంగాధర్."

"కడితే ఒప్పుకున్నట్టే మావయ్యగారూ. వేగమూ మీదే, వెనకున్నావిడా మీతో వచ్చినావిడే అని."

"అవును. మన మనిషే."

సింధూరి ఇంకేం వినలేదు. బ్యాగు తీసుకుని విసవిసా బయటికి నడిచింది. కారు తలుపు ధడాలున పడింది. గంగాధర్ ఫోనులోనే చలానా కట్టేసి, ఆమె వెంట పరుగెత్తాడు.

మర్నాడు కృష్ణారావు బెంజ్ సర్కిల్ దగ్గర హెల్మెట్ల కొట్టుకి వెళ్లాడు.

"ఆడవాళ్లది ఒకటి ఇవ్వు బాబూ. తేలిగ్గా ఉండాలి. తల బరువంటే పడదు ఆవిడకి."

కొట్టతను నాలుగైదు దించి బల్ల మీద పెట్టాడు. "సైజు తెలియకపోతే ఎలాగండీ? అమ్మగార్ని కూడా తీసుకురావాల్సింది. పెట్టుకుని చూసుకునేవారు."

కృష్ణారావు బయట నిలిపిన బండి వైపు తల తిప్పబోయి, చప్పున ఆగాడు.

"వచ్చే ఉంటుంది బాబూ. నేనే చూడకూడదు."

బయట బండి అద్దాలు రెండూ ఇంకా లోపలికే తిరిగి ఉన్నాయి, మాణిక్యం అస్థికలు కృష్ణలో కలిపాక వెనక్కి చూడకుండా ఇంటికి పొమ్మని పంతులుగారు చెప్పిన సాయంత్రం ఆయన తిప్పినట్టే.