తొమ్మిది గంటల దారి

“ముప్పై ఒక్క గంటలా? నేనెందుకు చెప్తానండీ? డైరెక్ట్ ఫ్లైట్‌లో తొమ్మిది గంటలేగా,” అన్నాను, నా టికెట్ల ఆఫీసుకొచ్చి నిలబడ్డ అన్నాచెల్లెళ్లతో.

చెల్లెలు అన్న ముఖం చూడలేదు. “విన్నావుగా. మంగళవారం పొద్దున్నే నాకు ఫోన్ చేసుంటే సాయంత్రానికి అమ్మ దగ్గరుండేదాన్ని. పోయాక కబురు పెట్టావు.”

“ఈయనే చెప్పాడే, ఫోన్లో.”

“పరాయివాళ్ల మీదకి నెట్టకన్నయ్యా.” ఆమె నావైపు తిరిగింది. “ఇవాళే వెళ్లిపోతాను, టికెట్ చూడండి. ఇక వీళ్లింటి గడప తొక్కను.”

అతను కౌంటర్ అంచు పట్టుకున్నాడు. “గుర్తు తెచ్చుకోండి సార్. మా చెల్లెలుండే దేశం నుంచి ఇక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుందని ఒక్క మాటే అడిగాను. మీరేదో తింటున్నారు.”

అరటిపండు. గుర్తొచ్చింది. ఫోన్ చేసేవాళ్లంతా చవకదే అడుగుతారు. అలవాటుకొద్దీ రెండుచోట్ల ఆగి వచ్చే చవక టికెట్ చూసి, నమిలే నోటితోనే ముప్పై ఒక్క గంటలని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఎవరికోసం, ఎందుకు అని అడగలేదు.

మాట్లాడకుండా ఆమె అడిగిన టికెట్ అమ్మేస్తే పోయేది. నా వల్ల కాలేదు.

“మీ అన్నయ్య చెప్పింది నిజమేనమ్మా. ఆ మాట నాదే.”

ఆమె మెల్లగా అన్నవైపు తిరిగింది. “అయితే మాత్రం? ఎన్ని గంటలైనా నాకు చెప్పాలిగా.”

“చెప్పబోయాను. అమ్మే వద్దంది.” అతను కౌంటర్ అంచు వదిలేశాడు. “నువ్వెంతసేపట్లో వస్తావో కనుక్కోమంది. ముప్పై ఒక్క గంటలన్నాను. ‘అంతసేపూ అది ఒక్కతే ఏడుస్తూ కూర్చోవాలిరా, చెప్పకు,’ అంది.”