గోడ దాటని నెట్టు

"నా రూములో నెట్టు రావడం ల్యా," అంది జెస్సీ, ఫోను పైకెత్తి చూపిస్తూ.

శిల్ప బియ్యం కడుగుతోంది. తల తిప్పలేదు. "టూ పాయింట్ ఫోర్ తీసేసినా. ఇంక ఫైవ్ ఒక్కటే ఉంటాది. హాల్లో కూర్చోని చూసుకో."

ఇద్దరూ కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సులు. శిల్పది ఆలూరు, జెస్సీది పత్తికొండ. హనుమన్న ఇంటి మేడ మీద వాటాలో కలిసి ఉంటున్నారు. వాళ్ళ రూటరు నుంచి రెండు నెట్లు వచ్చేవి. టూ పాయింట్ ఫోర్ నెమ్మది, కానీ గోడలు దాటి పోతుంది. ఫైవ్ మంచి వేగం, కానీ గదుల మధ్య నాపరాతి గోడ అడ్డం వస్తే అక్కడికే ఆగిపోతుంది. నెట్టుతో నడిచే చవక సామాన్లు కొన్ని ఈ ఫైవ్‌ను అసలు పట్టుకోలేవు. ఈ సంగతులన్నీ ఒకప్పుడు జెస్సీకి చెప్పింది శిల్పే. రెండూ ఉంచుకుందామన్నదీ తనే.

ఇప్పుడు ఎందుకు తీసేశావని జెస్సీ అడిగింది. ఎవరికీ చెప్పొద్దని మాత్రం అంది శిల్ప.

నెట్టు ఒక్కటే అయితే జెస్సీ పట్టించుకునేది కాదు. ఆ వారమంతా శిల్ప తీరే మారిపోయింది. ట్యాంకు నీళ్ళు వాసన కొడుతున్నాయని ఇంట్లో స్నానం మానేసింది. జెస్సీనీ చెయ్యనివ్వలేదు. ఇద్దరూ ఆసుపత్రిలోనే స్నానం చేసి వస్తున్నారు. అవే నీళ్ళతో అన్నం వండుతున్నావు కదా అని జెస్సీ అడిగితే, వినపడనట్టు పొయ్యి వెలిగించింది. తిండి తగ్గించింది. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, చేస్తున్న పని వదిలి తలుపు వైపు తిరిగేది.

పక్కింటి మధులత కరివేపాకు కోసం వచ్చింది. కేబుల్ ఆఫీసు ఏసుకుమార్ వీధి స్తంభం దగ్గర వైరు సరిచేసి, మంచినీళ్ళకని పైకి వచ్చాడు. ఎవరొచ్చినా శిల్ప కూర్చోబెట్టేది. అక్కర్లేని కబుర్లు పెట్టుకునేది. వాళ్ళ నోట ఏదో మాట రావాలన్నట్టు ముఖంలోకే చూసేది. వాళ్ళు వెళ్ళాక గట్టిగా ఊపిరి వదిలేది.

జెస్సీకి భయం పట్టుకుంది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, నెట్టు సంగతి తప్ప తక్కినవన్నీ తల్లి విశ్వాసమ్మకు ఫోనులో చెప్పింది. శిల్పకు మతి చలిస్తోందేమోనని ఏడ్చింది. నేరుగా అడుగు, చెప్పకపోతే వేరే ఇల్లు చూసుకో అంది తల్లి.

ఆ సాయంత్రం అడిగేసింది.

"నీకేమైందో చెప్పు. లేదంటే నేను హాస్టలుకు పోతా."

శిల్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కొంచెం ఓర్చుకో మే. చెప్తే నువ్వు మామూలుగా ఉండలేవు. నీ మొగంలో తెలిసిపోతాది."

"ఎవరికి?"

"అదే నాకూ తెలీదు."

అంతలో మెట్ల మీద చప్పుడైంది.

హనుమన్న. జెస్సీకి ప్రాణం లేచి వచ్చింది. ఆయన వాళ్ళకు ఇంటి యజమాని కన్నా ఎక్కువ. భార్య పోయాక కింద ఒంటరిగా ఉంటాడు. వీళ్ళకు డ్యూటీ ఆలస్యమైతే గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఎదురుచూస్తాడు. వీధి కుర్రాళ్ళను ఇంటి ముందు నిలవనివ్వడు. నెట్టు పెట్టించిన రోజు వీళ్ళకు సెలవు దొరక్కపోతే, ఆయనే దగ్గరుండి పెట్టించి, పాస్‌వర్డు రాసిన చీటీ తెచ్చి ఇచ్చాడు. ఆయనకు మాత్రం దానితో పనిలేదు, చేతిలో కనపడేది బటన్ల ఫోనే. శిల్పకు కామెర్లు వచ్చినప్పుడు గంజి కాచి తెచ్చింది ఆయనే. ఇద్దరూ పెద్దనాయనా అని పిలుస్తారు.

సంచిలో టమాటాలు తెచ్చాడు. శిల్ప కుర్చీ వేసింది. ఈసారి ముఖంలోకి పట్టి చూడలేదు. ఈయనతో భయం లేదన్నట్టు, ఆ వారంలో మొదటిసారి తేలిగ్గా నవ్వింది.

ఎండల గురించి, తుంగభద్రలో నీళ్ళు అడుగంటడం గురించి ఆయన మాట్లాడాడు. లేచి గడప దాటబోతూ ఆగాడు.

"ఏమ్మా, మీ నెట్టు పోయినట్టుండాదే. ఆ ఏసుకుమార్‌ను రమ్మని చెప్పేదా?"

హాల్లో వస్తాండాది కదా అనబోయింది జెస్సీ. శిల్ప ఆమె చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"అవును పెద్దనాయనా," అంది శిల్ప. నవ్వు అలాగే ఉంది. ముఖంలో రంగు పోయింది. "శానా ఇబ్బందిగా ఉండాది. రేపు చేయించుకుంటాం."

"చేయించుకోండమ్మా," అని ఆయన దిగిపోయాడు.

చెప్పుల చప్పుడు ఆగేదాకా శిల్ప కదల్లేదు. తర్వాత గడియ పెట్టి, ఎవరికో ఫోన్ చేసి, "ఎవరో తెలిసింది ఎస్సై మేడం, మీరు రావచ్చు" అంది. ఫోను పెట్టేసి నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఆయనతో అబద్ధం ఎందుకు చెప్పినావు?" అంది జెస్సీ. "నెట్టు వస్తానే ఉండాది కదా. మన సామాన్లు ఏవీ ఆగలేదు కదా."

శిల్ప లేచి, ఆమెను స్నానాల గదిలోకి తీసుకెళ్ళి, వెంటిలేటరు చువ్వల మధ్య కందిగింజంత కెమెరా కన్ను చూపించి, "టూ పాయింట్ ఫోర్ తీసేస్తే ఈ ఇంట్లో ఆగిపోయేది ఇదొక్కటే మే, దీన్ని పెట్టినోడే వచ్చి నెట్టు పోయిందా అని అడుగుతాడని తీసేసినా" అంది.