జనవరి ఒకటిన పుట్టిన పిల్లలు

పండిన పండుకు రంగిచ్చిన దేవుడు మంచి మనిషికి ఏ గుర్తూ ఎందుకు పెట్టలేదా అన్న అనుమానం నాకు చాలా ఏళ్ళుగా ఉంది.

అలాంటి గుర్తేదైనా ఉంటే, ఆ రోజు మా హెడ్‌మాస్టరు గారు ఆ మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడేవారు కారు.

సగం నెరిసిన గడ్డం. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో కాగితాలు.

"ఆరో తరగతి పాప పుట్టినతేదీ సరిచేయాలండీ," అంటూ అతను పిల్ల పేరు చెప్పాడు.

పక్క బల్ల దగ్గర గుమాస్తా నవ్వాడు. "మన మొద్దు ఏంటమ్మ, సార్!"

ఏమడిగినా "ఏంటీ?" అంటుందని బడంతా ఆ పిల్లకు పెట్టిన పేరు అది.

డిక్టేషన్‌లో సగం మాటలే రాసేది. లెక్కల్లో వందకు పదకొండు. వెనకనుంచి పిలిస్తే తిరిగేది కాదు. పొగరని కొందరు, మొద్దని కొందరు.

"మొద్దు కాదండీ," అన్నాడతను. " చెవుల్లో చీము. సరిగా వినబడదు. ఆపరేషన్ చేస్తే వినబడుతుందన్నారు. పిల్లల ఆరోగ్య బీమా ఉంది కదండీ, ఖర్చంతా ప్రభుత్వానిదే. కానీ పుట్టిన పత్రంలో అక్టోబరు ఏడు, మీ రికార్డులో జనవరి ఒకటి. తేదీలు కలవలేదని ఫారం తిప్పి పంపారు."

బడిలో చేర్పించేటప్పుడు తేదీ చెప్పలేక తడుముకున్నవాళ్ళ పిల్లలందరికీ హెడ్‌మాస్టరు గారు జనవరి ఒకటే రాసేసేవారు.

"మన బళ్ళో సగం మందికి ఒక్క కేకు చాలు," అని గుమాస్తా వేళాకోళం.

హెడ్‌మాస్టరు గారు కసిరారు. "ఇన్నేళ్ళూ గాడిదలు కాశావా? కన్నకూతురు ఎప్పుడు పుట్టిందో తెలియదు, నువ్వేం తండ్రివయ్యా!"

అతను తల దించుకున్నాడు. "తప్పేనండీ."

"రికార్డు దిద్దాలంటే పైఆఫీసు ఉత్తరం కావాలి. తీసుకురా, చూద్దాం."

పది రోజులకు ఉత్తరంతో వచ్చాడు.

"పరీక్షలున్నాయి. అయ్యాక రా."

పరీక్షలయ్యాక వచ్చాడు. మొదటి గంట నుంచి ఆఖరి గంట దాకా వరండాలో గోడకానుకుని కూర్చున్నాడు.

తాళం వేయబోతుంటే లేచి అడ్డం నిలబడ్డాడు.

"రేపటితో గడువు అయిపోతుందండీ. అది దాటితే మళ్ళీ ఏడాదికి గానీ ఫారం తీసుకోరు. అప్పటికి దాని చెవులు పూర్తిగా పోతాయన్నారు."

"జిడ్డులా పట్టుకున్నావే!"

విసుక్కుంటూనే హెడ్‌మాస్టరు గారు రిజిస్టరు తీశారు. తేదీ దిద్ది, కాగితం రాసి, ముద్ర వేశారు.

"పిల్లంటే ఇంత ప్రాణం ఉన్నవాడివి, మొదట్లోనే ఇలా పట్టుబట్టాల్సింది."

"అవునండీ," అన్నాడతను మెల్లగా. "మొదట్లోనే పట్టుబట్టాల్సింది."

కాగితాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

బీమా కార్డు వచ్చింది. ఆపరేషన్ అయింది.

బడికి తిరిగొచ్చిన రోజునే ఏంటమ్మ క్లాసులో చెయ్యెత్తింది. "టీచర్, ఫ్యాను కీచుమంటోంది!"

"అది మనం పుట్టకముందు నుంచీ అలాగే అంటోందే!" అని క్లాసంతా గొల్లున నవ్వింది. తనూ నవ్వింది.

మరుసటి ఏడు లెక్కల్లో డెబ్భై ఎనిమిది.

మార్కుల కార్డు తీసుకోవడానికి తల్లి వచ్చింది. బట్టలు ఇస్త్రీ చేస్తుంది. రెండు చేతులనిండా కాలిన మచ్చలు.

"ఆయన్ని కూడా తీసుకురాకపోయావా అమ్మా?" అన్నారు హెడ్‌మాస్టరు గారు. "అప్పుడు నోరు పారేసుకున్నాను. ఒక మంచిమాట చెబుదామనుకున్నాను."

"ఎవరినండీ?"

"పిల్ల తండ్రిని."

ఆమె తెల్లబోయింది. "ఇది కడుపులో ఉండగానే వాళ్ళ నాన్న పోయాడండీ."

"మరి కాగితాలు పట్టుకుని తిరిగినాయన?"

"ఆయన మాకేమీ కాడండీ. ఆసుపత్రిలో వార్డు ఊడ్చేవాడు. ఫారం తిరిగొచ్చిందని నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, 'ఏ బడి తల్లీ?' అనడిగాడు. చెప్పాను. 'నువ్వు పని మానుకోకు, నేను తిరుగుతాను' అన్నాడు."

"ఎక్కడుంటాడు? నేనే వెళతాను."

"పోయిన నెల పోయాడండీ. వార్డు ఊడుస్తూనే కూలబడ్డాడట."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎప్పుడొచ్చినా దీన్ని వెనకనుంచి మెల్లగా పిలిచేవాడండీ. ఇది తిరిగితే చాలు, మురిసిపోయేవాడు."

హెడ్‌మాస్టరు గారు మార్కుల కార్డు ఆమె చేతికిచ్చారు.

"ఏ బడి అని ఎందుకడిగాడమ్మా?"

"ఆయన పాప కూడా ఇక్కడే చదివిందటండీ. అంతకుమించి చెప్పలేదు."

హెడ్‌మాస్టరు గారు అతని పేరు అడిగి తెలుసుకున్నారు. ఆమె వెళ్ళాక బీరువా తీయించి, పాత అర్జీల కట్టలు ఒక్కొక్కటే విప్పారు.

తొమ్మిదేళ్ళ కిందటి కట్టలో దొరికింది.

రెండో తరగతి పిల్ల. గుండెకు ఆపరేషన్. బీమా ఫారం వెనక్కి వచ్చింది. పుట్టినతేదీ జనవరి ఒకటి కాదు, మార్చి పంతొమ్మిది, దయచేసి దిద్దండి అని రాసి, కింద ఆ పేరుతోనే సంతకం.

అర్జీ పైఅంచున ఎర్ర సిరాతో, హెడ్‌మాస్టరు గారి దస్తూరీలోనే రెండు మాటలు. "తర్వాత చూద్దాం."

ఆ ఏటి హాజరుపట్టీలో, సరిగ్గా రెండు నెలల తర్వాత, ఆ పిల్ల పేరు మీద అడ్డగీత ఉంది.

హెడ్‌మాస్టరు గారు పాత అడ్మిషన్ రిజిస్టరు దించమన్నారు.

"ఇప్పుడెందుకు సార్?" గుమాస్తా గొంతులో వేళాకోళం లేదు.

ఆయన ఆ పిల్ల పేరున్న పేజీ తీశారు. జనవరి ఒకటిని కొట్టేసి, మార్చి పంతొమ్మిది అని రాసి, ముద్ర వేసి, కారణం అన్న గడిలో 'తండ్రి కోరిక మేరకు' అని రాశారు.