షెరీఫ్ వేషం

వెండెల్ మళ్ళీ గుర్రం మీంచి పడ్డాడు.

కంచె మీద కూర్చుని పీచ్ పండు తింటున్న అతని భార్య నోరీన్ చప్పట్లు కొట్టింది.

"ఈసారి బాగా పడ్డావు. ఇందాకటిలా టోపీ ఊడలేదు."

"నవ్వు, నవ్వు. సోమవారం నా వేషం ఊడితే అప్పుడూ నవ్వుదువుగాని."

"అప్పుడూ నవ్వుతాను. నిన్ను చేసుకున్నాక నాకదే పనైంది."

టీవీలో కౌబాయ్ కథలు జోరుగా వస్తున్న రోజులవి. పెళ్ళయి ఇంకా నెల కాలేదు. సినిమా స్టూడియోలుండే బర్‌బ్యాంక్‌లో ఒక గ్యారేజీ పైగదిలో కాపురం. మంచం మడిస్తే గానీ తలుపు తెరుచుకోదు. వాళ్ళకి అదీ వేడుకగానే ఉంది.

గుర్రాలు అద్దెకిచ్చే ఆ శాలలో, నీడపట్టున, ఒక పొడుగాటి మనిషి తన బూడిదరంగు గుర్రానికి బ్రష్‌తో ఒళ్ళు రుద్దుతూ ఇదంతా చూస్తున్నాడు. వయసు యాభైకి దగ్గర్లో ఉంటుంది.

"అబ్బాయ్, ఆ గుర్రం నిన్ను పడెయ్యట్లేదు. నువ్వే దిగిపోతున్నావు," అన్నాడు.

నోరీన్ నవ్వాపుకోలేక కంచె పట్టుకుంది.

"సోమవారం షూటింగండీ," అన్నాడు వెండెల్ దుమ్ము దులుపుకుంటూ. "గుర్రం ఎక్కడం వచ్చా అని అడిగారు. మా అమ్మ నన్ను గుర్రం మీదే కన్నదని చెప్పాను."

"నిజంగా ఎక్కడ కన్నది?"

"క్లీవ్‌లాండ్‌లో. చెప్పుల దుకాణం పైన."

ఆ మనిషి నవ్వాడు. "ఏం వేషం?"

"హీరోనే. షెరీఫ్ క్రెయిల్ అని, వారం వారం వచ్చే కొత్త కథ. నిన్న శుక్రవారమే పిలుపొచ్చింది. నాకు గుర్రం రాదని తెలిసిందంటే సాయంత్రానికి ఇంకొకణ్ణి పెట్టేసుకుంటారు."

బ్రష్ ఆగింది.

"పెట్టేసుకుంటారు," అన్నాడాయన. "వాళ్ళకెంతసేపు."

బ్రష్ బకెట్‌లో పడేసి, గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు.

"దాన్ని వదిలేసి దీన్నెక్కు. ఇది చాలా షూటింగులు చేసింది. నీకంటే అనుభవం ఎక్కువ."

తన పేరు హార్లన్ అని చెప్పాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

శనివారం పొద్దుగూకేదాకా నేర్పాడు.

"కళ్ళెం కుడిచేత్తో పట్టుకో. క్రెయిల్‌ది ఎడమచేతి వాటం. తుపాకీ ఆ చేత్తోనే తియ్యాలి."

"మీకెలా తెలుసు?"

"ఈ ఊళ్ళో ఏ స్క్రిప్టూ దాగదు. మోకాళ్ళు బిగించు."

ఆదివారం రెండు చెక్కముక్కలు తెచ్చి, చెప్పాపెట్టకుండా టప్పున కొట్టాడు. గుర్రం బాణంలా దూసుకుపోయింది. వెండెల్ గడ్డిమోపుల్లో తేలాడు.

"ఇదేం అన్యాయమండీ!"

"షూటింగ్ గుర్రాలకి క్లాప్ చప్పుడు వినపడితే చాలు. డైరెక్టర్ నోరు తెరిచేదాకా ఆగవు. కొత్తవాళ్ళు దొరికిపోయేది అక్కడే. క్లాప్ కొట్టే పలక కనపడగానే నువ్వు సిద్ధమైపోవాలి. ఎక్కు."

పడ్డాడు. ఎక్కాడు. సాయంత్రానికి పడటం మానేశాడు.

నోరీన్ మిగిలిన పీచ్ పండ్లలో మంచిది ఏరి ఆయనకిచ్చింది.

"మీకు పెళ్ళయిందా అండీ?"

"అయిందమ్మాయ్. ఆవిడ మోంటానాలో ఉంది. నాకిక్కడ నిలకడైన వేషం దొరికితే వచ్చేద్దామని చూస్తోంది."

"పాపం, ఒక్కరే ఎలా ఉంటారండీ?" అంది నోరీన్. మొగుణ్ణి వదిలి ఒక పూట ఉండటమే ఆమె ఊహకి అందలేదు.

వెండెల్‌కి జాలేసింది. "నన్ను కాస్త నిలదొక్కుకోనివ్వండి. మీకేదైనా చిన్న వేషం ఇప్పిస్తాను."

"చూద్దాంలే," అన్నాడు హార్లన్. "ముందు నువ్వు పడకుండా ఉండు."

సోమవారం ఉదయం పలక పైకి లేచింది. వెండెల్ మోకాళ్ళు బిగించాడు. చప్పుడు వినగానే గుర్రం దూకింది. ఆ దూకుడులోనే వీధంతా పరిగెత్తించి, హోటల్ ముందు ఆపి, దిగి, ఎడమచేత్తో తుపాకీ తీశాడు.

డైరెక్టర్ కుర్చీలోంచి లేచాడు.

"మీ అమ్మ గుర్రం మీద కన్నదంటే కోతలనుకున్నానయ్యా. నువ్వే మా క్రెయిల్‌వి. ఇంక బెంగపడకు."

ఇదే సమయమని వెండెల్ దగ్గరికెళ్ళాడు.

"నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారండీ. గుర్రాల సంగతి బాగా తెలుసు. ఏదైనా చిన్న వేషం..."

"బార్బర్ వేషం ఖాళీగా ఉంది. రేపు తీసుకురా," అన్నాడు డైరెక్టర్, పేరైనా అడక్కుండా.

సాయంత్రం మొగుడూ పెళ్ళాం చెర్రీ పండ్లు కూరిన తీపి రొట్టె ఒకటి కొనుక్కుని శాలకి వెళ్ళారు. దారిలో అంచు విరిచి రుచి చూద్దామని నోరీన్ పేచీ పెట్టింది. ముందు హార్లన్ గారే కోయాలని వెండెల్ ఒప్పుకోలేదు.

బూడిదరంగు గుర్రం ఉండే చోటు ఖాళీగా ఉంది. శాల యజమానురాలు ఓపల్ అక్కడ గడ్డి ఊడుస్తోంది.

"హార్లన్ గారేరండీ?"

"పొద్దున్నే గుర్రాన్ని ట్రక్కెక్కించుకుని మోంటానా వెళ్ళిపోయాడు. ఇంక ఈ ఊరి మొహం చూడనన్నాడు."

"అయ్యో, ఒక్కరోజు ఆగాల్సింది," అంది నోరీన్.

"ఆయనకి వేషం ఇప్పించానండీ," అన్నాడు వెండెల్. "బార్బర్ వేషం. రెండు మాటలు కూడా ఉన్నాయి. ఫోన్ నంబరైనా ఉంటే ఇవ్వండి, నేను చెప్పి రప్పిస్తాను."

ఓపల్ చీపురు గోడకి ఆనించి అతన్ని పరకాయించి చూసింది.

"క్రెయిల్ వేషం వేస్తున్న కుర్రాడివి నువ్వేనా?"

"నేనేనండీ."

"బార్బర్ వేషానికి రాడులే బాబూ," అంది ఆమె, కోపం లేకుండానే. "ఈ కథకి డబ్బు పెట్టే సబ్బుల కంపెనీ వాళ్ళకి కుర్రమొహం కావాల్సొచ్చింది గానీ, మొన్న గురువారం దాకా క్రెయిల్ వేషం హార్లన్‌దే."