ఒక కాలు తేడా

యార్లేని ఒక పీతను తెచ్చి పొయ్యి పక్కన వదిలింది. దానికి ఒక డెక్క చిటికెన గోరంత, రెండోది దాని ఒంటంత ఉంది.

"ఇది జబ్బు కాదంట అమ్మమ్మా, దాని పుట్టుకే అంత. నాలుక చేపకి చిన్నప్పుడు కళ్లు చెరోపక్కా ఉంటాయంట. పెరిగేకొద్దీ ఒక కన్ను రెండోదాని పక్కకొచ్చేస్తుందంట. రెండు పక్కలూ సమానంగా ఉంటేనే బతకాలని దేవుడేం చెప్పలేదంట."

బడి మూతబడి ఏడాదయింది. ఇవన్నీ ఎవరు నేర్పారని అమ్మమ్మ యూఫేమియా అడిగింది.

మడ అడవిలో ఒకామె చెబుతోందని పిల్ల అంది. గుల్లలు ఏరడానికి వెళ్లినప్పుడల్లా వచ్చి, రొయ్యలు కాల్చి పెడుతోందట.

"ఆమెకీ ఒక కాలు తేడా అమ్మమ్మా. కర్రది."

యూఫేమియా పిల్లను లోపలికి తోసి గొళ్లెం పెట్టింది.

ఆ తీరంలో తుండా అనే దయ్యం సంగతి తెలియనివాళ్లు లేరు. అది మనకు కావలసినవాళ్ల మొహం వేసుకుని వస్తుంది. రొయ్యలు పెట్టి, పిల్లల్ని మరిపించి అడవిలోకి లాక్కుపోతుంది. ఎంత మాయ చేసినా ఒక పాదాన్ని మాత్రం మార్చుకోలేదు. అది చాక్లెట్ చిలికే కర్ర కవ్వంలాగే ఉండిపోతుంది.

యూఫేమియాకు మిగిలింది ఆ మనవరాలు ఒక్కతే. కూతురు ఒనైదా ఆరేళ్ల కిందట ఏటి ఎగువకు పనికెళ్లి మందుపాతర మీద కాలు వేసింది. శవం రాలేదు, కబురు మాత్రమే వచ్చింది. తొమ్మిది రాత్రులు పాటలు పాడి, ఆఖరున దీపాలార్పి, ఇక ఈ ఇంటికి రావద్దని ఆత్మను సాగనంపారు.

తుండాను తరమడం, బాప్తిస్మంలో పిల్లకు తండ్రిగా నిలిచిన జ్ఞానతండ్రి వంతు. యార్లేనికి ఆ వరసైన సెగుందో డోలు భుజాన వేసుకున్నాడు. ఊళ్లో సగంమంది తిట్లు లంకించుకుని వెంట నడిచారు. డోలూ తిట్లూ రెండూ పడితేనే అది కదులుతుంది.

మడ అడవిలో ఆ కర్రకాలి ఆమె ఒక చిన్న పడవ పక్కన నిలబడి ఉంది. చప్పుడు విని ఇటు తిరిగింది.

సెగుందో చేతులు ఆగిపోయాయి. "అత్తా, ఒనైదాలాగే ఉంది కదే."

"అందుకే కొట్టమంటున్నా. నా కూతురి మొహం దొంగిలించింది ముండ."

ఆమె "అమ్మా" అంది. యూఫేమియా డోలు లాక్కుని తానే కొట్టింది. ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది, ఆ మోతలో ఒక్క ముక్కా వినబడలేదు. రాళ్లు పడ్డాక పడవెక్కింది. ఆటు మొదలై నీళ్లు సముద్రం వైపు లాగేస్తున్నాయి.

నాలుగో రోజు ఇసుకతిన్నె మీద ఖాళీ పడవ దొరికింది. పీడ వదిలిందని ఊరంతా సంతోషించింది. తుండాకు పడవెందుకన్న అనుమానం యూఫేమియా ఒక్కదానికే వచ్చింది.

ఆదివారం ఎగువ ఆసుపత్రి నుంచి ఒక నర్సు వచ్చింది. యార్లేని అమ్మమ్మ మీరేనా అని అడిగి, అరుగు మీద కూర్చుంది.

"ఐదేళ్లు తన పేరు కూడా చెప్పలేదమ్మా, ఈ ఏడే నోరు విప్పింది. కర్రకాలు చూసి బిడ్డ జడుసుకుంటుందని, ముందు దాని భయం తీర్చాకే గడప తొక్కుతానని బయల్దేరింది. తొక్కిందా అమ్మా, మీ ఒనైదా?"